పాత పడవ, పన్నెండుమంది ఆడవాళ్ళు



ఈరోజు ఒక పాత పడవ సంగతి చెప్పుకుందాం. ఇది కట్టుకథ కాదు. జరిగిన సంగతి. ఆ పడవను కొన్నది ఒక ఆడమనిషి. బాగు చేసింది ఆడవాళ్ళు. దాని మీద భూమి చుట్టూ తిరిగి వచ్చింది కూడా ఆడవాళ్ళే.

ఆమె పేరు ట్రేసీ ఎడ్వర్డ్స్. వాళ్ళది ఇంగ్లండు దేశం. 1962లో పుట్టింది. పదేళ్ళ వయసులో తండ్రి పోయాడు. తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకుంది. మారుతండ్రితో ఆ పిల్లకు పొసగలేదు. ఇంట్లో నెమ్మది లేదు, బడిలో కుదురు లేదు. 15 ఏళ్ళ వయసులో బడివాళ్ళు ఇంక రావద్దని పంపేశారు. పెద్ద భాగారాలు నేర్పకముందే తనను బడి నుంచి వెళ్ళగొట్టారని తర్వాత రోజుల్లో ఆమె నవ్వుతూ చెబుతుండేది.

16 ఏళ్ళకు ఇల్లు విడిచి గ్రీసు దేశం వెళ్ళింది. అక్కడ రేవు ఊళ్ళో పనికి కుదిరింది. తర్వాత డబ్బున్నవాళ్ళు షికారుకు వెళ్ళే తెరచాప పడవల మీద పని దొరికింది. ఏం పని? గదులు తుడవటం, పక్కలు వెయ్యటం, గిన్నెలు కడగటం, వంట చెయ్యటం. ఇంట్లో ఆడవాళ్ళు చేసే పనే. కాకపోతే ఇల్లు నీళ్ళ మీద ఊగుతూ ఉంటుంది, అంతే తేడా.

ఒకసారి పెద్ద సముద్రం దాటుతుండగా ఆ పడవ నడిపే పెద్దమనిషి ఆమెకు దారి చూడటం నేర్పాడు. సముద్రం మీద రోడ్డు ఉండదు. మైలురాయి ఉండదు. సూర్యుడు, చుక్కలు ఎంత ఎత్తులో ఉన్నాయో ఒక పరికరంతో కొలవాలి. గడియారం చూడాలి. లెక్క కట్టాలి. అప్పుడు మన పడవ ఎక్కడ ఉందో పటం మీద చుక్క పెట్టవచ్చు. బడిలో లెక్కలంటే పారిపోయిన పిల్ల ఈ లెక్కలు ఇష్టంగా నేర్చుకుంది. ఎందుకంటే ఈ లెక్కతో పని ఉంది. లెక్క తప్పితే పడవ రాతి మీదికి పోతుంది.

ఆ రోజుల్లో నాలుగేళ్ళకు ఒకసారి ఒక పెద్ద పడవ పందెం జరిగేది. పేరు విట్‌బ్రెడ్ పందెం. 1973లో మొదలైంది. తెరచాప పడవల మీద గాలి ఒక్కటే ఆధారంగా భూమి చుట్టూ తిరిగి రావాలి. 1985-86లో జరిగిన పందెంలో ట్రేసీ ఒక పడవలో వంటమనిషిగా వెళ్ళింది. ఆ పడవ నిండా మగవాళ్ళే. పందెం మొత్తం మీద ఆడవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటంత మందే.

తిరిగి వచ్చాక ఆమెకు ఒక ఆశ పుట్టింది. మళ్ళీ వెళ్ళాలి. అయితే ఈసారి గరిటె పట్టుకుని కాదు, తాళ్ళు పట్టుకుని, చుక్కాని పట్టుకుని వెళ్ళాలి. ఎవరు తీసుకుంటారు? ఆడవాళ్ళకు అంత బలం ఉండదన్నారు. నలుగురు ఆడవాళ్ళు ఒకచోట ఉంటే కొట్లాడుకుంటారు అన్నారు. ఈ మాట ఎక్కడో విన్నట్టు ఉంది కదూ? దేశాలు వేరైనా కొన్ని మాటలు మాత్రం ఒక్కటే.

సరే, ఎవరూ తీసుకోకపోతే మనమే ఒక పడవ పెట్టుకుందాం, అందరూ ఆడవాళ్ళే ఉందాం అనుకుంది ట్రేసీ.

పందెానికి తగిన కొత్త పడవ చేయించాలంటే కొండంత డబ్బు కావాలి. ఆమె దగ్గర లేదు. సాయం చెయ్యమని కంపెనీల చుట్టూ తిరిగింది. ఒకరు కాదు, ఇద్దరు కాదు. ఎంతోమంది కుదరదన్నారు. మీరు సముద్రంలో చచ్చిపోతే మా పేరు చెడుతుంది అన్నవాళ్ళూ ఉన్నారు. చివరికి ఆమె తన ఇల్లు తాకట్టు పెట్టింది. ఆ డబ్బుతో ఒక పాత పడవ కొన్నది.

ఇల్లు తాకట్టు పెట్టటం అంటే ఏమిటో ఇక్కడ ఎవరికీ వివరించి చెప్పనక్కరలేదు.

ఆ పడవ పేరు ప్రెస్టీజ్. పొడవు 58 అడుగులు. అంటే మన ఊరికి వచ్చే బస్సు ఒకటిన్నర ఉంటుంది. బ్రూస్ ఫార్ అనే పేరున్న ఆయన గీసిన నమూనా ప్రకారం కట్టారు. 1981-82 పందెంలో అది వేరే పేరుతో ఒకసారి భూమి చుట్టూ తిరిగి వచ్చింది కూడా. అంటే ఎముక గట్టిదే. కానీ ట్రేసీ చేతికి వచ్చేనాటికి పాడుపడి ఉంది. చూసినవాళ్ళు ఇదేం బేరం అని పెదవి విరిచారు.

ఇక్కడ కాస్త ఆగి చూద్దాం. పాత పడవ కొనేవాళ్ళు ఏం చూడాలి?

పాత ఇల్లు కొనేటప్పుడు గోడకు వేసిన సున్నం చూస్తామా? చూడం. పునాది చూస్తాం, దూలాలు చూస్తాం. వాసాలకు చెద పట్టిందా అని గోటితో గీకి చూస్తాం. పడవా అంతే. రంగు వెలిసిపోయిందని భయపడక్కరలేదు. రంగు మళ్ళీ వెయ్యవచ్చు. తెరచాప చిరిగిందని బెంగ లేదు. కొత్తది కుట్టించుకోవచ్చు. పడవ పొట్ట మాత్రం గట్టిగా ఉండాలి. పొట్ట పాడైతే ఎంత డబ్బు పోసినా ఆ పడవ నీళ్ళు తాగుతూనే ఉంటుంది.

మన కాకినాడ వైపు, మచిలీపట్నం వైపు నావలు చెక్కతో చేస్తారు. చెక్కకు, చెక్కకు మధ్య సందులు పూడ్చుకుంటూ వాడుకుంటారు. ప్రెస్టీజ్ అలా కాదు. దాని పొట్ట అల్యూమినియం. అవును, మన సత్తు గిన్నెల లోహమే. తేలికగా ఉంటుంది, గట్టిగా ఉంటుంది. ఇనుములాగా ఎర్రగా తుప్పు పట్టదు. కానీ దానికి వేరే జబ్బు ఉంది.

అల్యూమినియం గిన్నెలో చింతపండు పులుసు రాత్రంతా ఉంచితే ఏమవుతుంది? తెల్లారేసరికి గిన్నెకు చుక్కలు చుక్కలుగా మచ్చలు పడతాయి. ఎప్పుడూ అలాగే చేస్తుంటే గిన్నెకు సన్నని చిల్లులు పడతాయి. సముద్రపు ఉప్పునీరు కూడా అటువంటి పనే చేస్తుంది. రాగి ముక్కో, స్టీలు బోల్టో అల్యూమినియానికి ఆనుకుని ఉండి రెండూ ఉప్పునీటిలో తడుస్తుంటే, మధ్యలో సన్నగా కరెంటు పారుతుంది. ఆ కరెంటు అల్యూమినియాన్ని కొంచెం కొంచెం తినేస్తుంది. అందుకని పాత అల్యూమినియం పడవను బాగు చేసేటప్పుడు బోల్టు పెట్టిన ప్రతి చోటా విప్పి చూడాలి. రెండు లోహాలు తగలకుండా మధ్యలో ప్లాస్టిక్కో, రబ్బరో పెట్టి మళ్ళీ బిగించాలి.

దీనికి ఇంకో ఉపాయం కూడా ఉంది. జింకు ముక్కలు తెచ్చి పడవ అడుగున బిగిస్తారు. ఆ కరెంటు ముందు జింకును తింటుంది. జింకు ఉన్నంతకాలం పడవ జోలికి రాదు. జింకు అరిగిపోయాక తీసేసి కొత్త ముక్క బిగిస్తారు. ఇంటిని కాపాడటానికి వాకిట్లో కుక్కను కట్టేసినట్టు. పాపం, ఈ కుక్కకు మాత్రం ప్రతిసారీ చావే.

తర్వాతది పడవ అడుగు. నీళ్ళలో నెలల తరబడి ఉన్న పడవ అడుగుకు పాచి పడుతుంది. చిన్న చిన్న గుల్లలు అంటుకుంటాయి. సిమెంటు పెట్టి అతికించినట్టు పట్టుకుంటాయి. ఆ బరువుతో, ఆ గరుకుతో పడవ ముందుకు సాగదు. కాబట్టి ముందు క్రేనుతో పడవను ఒడ్డుకు ఎత్తాలి. గుల్లలు గీకాలి. పాత రంగు గీకాలి. ఉప్పుకాగితంతో రుద్దాలి. కడగాలి. మళ్ళీ రుద్దాలి. తర్వాత పాచి పట్టకుండా ఉండే రంగు వెయ్యాలి. మామూలు పడవలకు రాగి కలిసిన రంగు వేస్తారు. అల్యూమినియం పడవకు ఆ రంగు పనికిరాదు. ఎందుకో ఇందాకే చెప్పుకున్నాం. దానికి వేరే రంగు ఉంటుంది.

పడవ అడుగున ఒక పెద్ద బరువైన రెక్క ఉంటుంది. ఎక్కువగా సీసంతో చేస్తారు. తంజావూరు బొమ్మను చూశారా? ఎటు పడేసినా లేచి నిలబడుతుంది. అడుగున బరువు ఉంది కాబట్టి. ఈ రెక్క పని కూడా అదే. గాలికి తెరచాప వంగి పడవ పక్కకు ఒరిగితే, అడుగున ఉన్న బరువు మళ్ళీ లేపి నిలబెడుతుంది. ఆ రెక్కను పడవకు పట్టి ఉంచేది కొన్ని పెద్ద బోల్టులు. అవి కంటికి కనిపించవు. అందుకే అందరూ మర్చిపోతారు. నడిసముద్రంలో అవి ఊడితే పడవ తిరగబడుతుంది.

ఇక తెరచాప కొయ్య. పేరుకే కొయ్య. ఇటువంటి పడవలకు అది అల్యూమినియం గొట్టం. తాటిచెట్టును మించిన ఎత్తు ఉంటుంది. దాన్ని నిలబెట్టేవి నాలుగు పక్కలా లాగి కట్టిన ఉక్కు తీగల మోకులు. బావి చేద తాడును రోజూ చేత్తో తడిమి చూస్తాం కదా, ఎక్కడ పోగు తెగిందో అని. ఈ మోకులనూ అలాగే అంగుళం అంగుళం చూడాలి. ఒక్క తీగ పోగు తెగి పైకి లేచి ఉన్నా ఆ మోకు మార్చెయ్యాలి. మోకు తెగితే కొయ్య విరుగుతుంది. కొయ్య విరిగితే ఆ పడవ సముద్రం మధ్యలో తేలే డబ్బా.

ట్రేసీ, ఆమె చేర్చుకున్న ఆడవాళ్ళు ఆ పాత పడవను మొత్తం విప్పేశారు. ఇంగ్లండు దక్షిణాన హాంబుల్ అనే రేవు ఊరు ఉంది. అక్కడ పని చేశారు. లోపల ఉన్నదంతా పీకి బయట పెట్టారు. ఉత్త డొల్ల మిగిల్చారు. అక్కడి నుంచి మళ్ళీ కట్టుకుంటూ వచ్చారు. గీకింది వాళ్ళే, రుద్దింది వాళ్ళే, రంగు వేసింది వాళ్ళే. పడవల షెడ్డులో ఆడవాళ్ళు ఇలా పనిముట్లు పట్టుకోవటం ఆ ఊరివాళ్ళు అంతకుముందు చూడలేదు. తమాషా చూడటానికి వచ్చినవాళ్ళు ఉన్నారు. వెక్కిరించినవాళ్ళు ఉన్నారు. ఒక పత్రికాయన అయితే వాళ్ళను గురించి బూతు కలిపి ఎగతాళిగా రాశాడు. వాళ్ళు చదివారు. మళ్ళీ పనిలో పడ్డారు.

ఇక్కడ ఒక లాభం గమనించాలి. డబ్బు లేక వాళ్ళే పని చేసుకున్నారు, నిజమే. కానీ దానివల్ల పడవలో ఏ బోల్టు ఎక్కడ ఉందో, ఏ తీగ ఎటు పోతుందో పన్నెండుమందికీ తెలిసిపోయింది. నడిసముద్రంలో ఏది పాడైనా పిలవటానికి మేస్త్రీ ఉండడు. తాము బిగించినదాన్ని తామే విప్పగలరు. కొత్త పడవ కొని ఉంటే ఈ తెలివి వచ్చేది కాదు.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అంటారు. పాత పడవ బాగు చెయ్యటం ఆ రెండింటినీ కలిపినంత ఖర్చు. కొన్న ధర ఒక ఎత్తు, బాగు చేసే ఖర్చు ఇంకో ఎత్తు. మోకులు కావాలి, తెరచాపలు కావాలి, రేడియో కావాలి, తిండి కావాలి. ట్రేసీ దగ్గర డబ్బు అయిపోయింది.

అప్పుడు ఆమెకు ఒక పాత పరిచయం అక్కరకు వచ్చింది. కొన్నేళ్ళ కింద ఆమె పని చేస్తున్న పడవకు ఒక అతిథి వచ్చాడు. ఆయన జోర్డాన్ దేశపు రాజు హుసేన్. రాజుగారికీ, పడవలో పనిచేసే ఈ పిల్లకూ మాట కలిసింది. స్నేహం నిలిచింది. నీవు అనుకున్నది చెయ్యి అని ఆయన ఆమెకు ధైర్యం చెప్పేవాడు. ఇప్పుడు జోర్డాన్ దేశపు విమాన సంస్థ డబ్బు ఇవ్వటానికి ఒప్పుకుంది. పడవకు బూడిద రంగు వేశారు. పక్కన ఆ విమాన సంస్థ పేరు రాశారు. పడవకు కొత్త పేరు పెట్టారు. మెయిడెన్. మెయిడెన్ అంటే కన్య అని అర్థం.

అంతా కుదిరింది అనుకునేసరికి ఇంకో చిక్కు వచ్చింది. పడవలో ట్రేసీ తర్వాత పెద్దగా ఉన్న ఆమెకూ, ట్రేసీకీ పడలేదు. ఆమె బాగా అనుభవం ఉన్న మనిషి. పందెం ఇంకొద్ది వారాలు ఉందనగా ఆమె వెళ్ళిపోవలసి వచ్చింది. ఇద్దరు ఆడవాళ్ళకు పడదని మేం ముందే చెప్పాం అన్నారు చుట్టూ ఉన్నవాళ్ళు. మగవాళ్ళ పడవల్లో కూడా ఇటువంటి తగాదాలు ఎన్నో జరుగుతాయి. వాటికి మాత్రం ఎవరూ ఆ మాట అనరు. ట్రేసీ రెండు పనులూ నెత్తిన వేసుకుంది. పడవకు పెద్ద ఆమే, దారి చూసే మనిషీ ఆమే. అప్పటికి ఆమెకు 27 ఏళ్ళు కూడా నిండలేదు.

1989 సెప్టెంబరు 2న ఇంగ్లండులోని సౌతాంప్టన్ రేవు నుంచి 23 పడవలు బయలుదేరాయి. మొత్తం దారి ఇంచుమించు 33 వేల నాటికల్ మైళ్ళు. నాటికల్ మైలు అంటే సముద్రపు మైలు. అది రెండు కిలోమీటర్లకు కాస్త తక్కువ. అంటే ఈ దారి 60 వేల కిలోమీటర్లకు పైమాటే. మధ్యలో కొన్ని రేవుల్లో ఆగుతారు. ఉరుగ్వే దేశం, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, మళ్ళీ ఉరుగ్వే, తర్వాత అమెరికా, చివరికి మళ్ళీ సౌతాంప్టన్. పడవల పొడవును బట్టి వాటిని తరగతులుగా విడదీశారు. మెయిడెన్ చిన్న పడవల తరగతిలో ఉంది.

ఆ పన్నెండుమంది చేరితే చాలు, మొదటి రేవు దాటరు అన్నారు కొందరు. మొదటి రేవు చేరారు. రెండో ప్రయాణం అన్నిటికంటే కష్టమైనది. ఉరుగ్వే నుంచి ఆస్ట్రేలియాకు 7 వేల నాటికల్ మైళ్ళకు పైన. భూమి కింది కొసన ఉన్న చల్లని సముద్రం గుండా పోవాలి.

ఇక్కడ ట్రేసీ లెక్క చూడండి. ఒక గుమ్మడికాయ తీసుకోండి. పక్కన రెండు చుక్కలు పెట్టండి. ఒక చుక్క నుంచి రెండో చుక్కకు దారం పట్టి చూడండి. నడుము చుట్టూ తిరిగి వెళ్తే దారం ఎక్కువ పడుతుంది. తొడిమ వైపు జరిపితే దారం తక్కువ పడుతుంది. భూమి కూడా గుమ్మడికాయలాగే గుండ్రన. దక్షిణానికి ఎంత దిగితే దారి అంత తగ్గుతుంది. గాలి కూడా బాగా తోస్తుంది. కానీ చలి పెరుగుతుంది. మంచుకొండలు తేలుతూ ఎదురొస్తాయి. ఒక చిన్న మంచుగడ్డ తగిలినా అల్యూమినియం పొట్ట చీలిపోవచ్చు. ట్రేసీ ఆ ప్రమాదం తెలిసే పడవను బాగా కిందికి దింపింది. వంతులు వేసుకుని రాత్రింబగళ్ళు కాపలా కాశారు. కట్టుకున్న బట్ట ఆరేది కాదు. తాళ్ళు మంచుకు కొయ్యల్లా బిగిసేవి.

ఆ ప్రయాణంలోనే వేరే పడవ మీది నుంచి ఇద్దరు మనుషులు సముద్రంలో పడిపోయారు. వాళ్ళను పైకి లాగారు. ఒకరు బతికారు. ఒకరు పోయారు. ఆ వార్త రేడియోలో అన్ని పడవలకూ చేరింది. మెయిడెన్ మీద ఉన్నవాళ్ళు తాము నడుముకు కట్టుకున్న తాడు ముళ్ళు మళ్ళీ చూసుకుని ఉంటారు.

ఆస్ట్రేలియా రేవులో చూసేసరికి వాళ్ళ తరగతిలో మెయిడెన్‌దే మొదటి స్థానం! తర్వాత న్యూజిలాండ్ దాకా జరిగిన ప్రయాణంలో కూడా మొదటి స్థానమే. వెక్కిరించిన పత్రికాయన కూడా మాట మార్చుకోవలసి వచ్చింది.

నాలుగో ప్రయాణంలో దెబ్బ తగిలింది. దక్షిణ అమెరికా కింది కొసన కేప్ హార్న్ అనే చోటు ఉంది. అక్కడి సముద్రం చాలా చెడ్డది. అటు పోతుండగా పడవలోకి నీళ్ళు రావటం మొదలైంది. నీళ్ళు తోడుకుంటూ, పడవను జాగ్రత్తగా నడుపుకుంటూ రేవు చేరారు. ప్రాణాలు దక్కాయి. కానీ బోలెడంత కాలం పోయింది. ముందున్నవాళ్ళను మళ్ళీ అందుకోలేకపోయారు.

1990 మే 28న మెయిడెన్ సౌతాంప్టన్ తిరిగి వచ్చింది. వాళ్ళ తరగతిలో రెండో స్థానం. ట్రేసీకి మొదటి స్థానం రాలేదని బాధ కలిగింది. కానీ రేవు దగ్గరికి వచ్చేసరికి చిన్నా పెద్దా పడవలు లెక్కలేనన్ని ఎదురొచ్చాయి. ఒడ్డున వేలమంది జనం. పన్నెండుమంది వెళ్ళారు, పన్నెండుమందీ తిరిగి వచ్చారు. ఆ ఏడాది ఇంగ్లండులో పడవ నడిపేవాళ్ళకు ఇచ్చే పెద్ద బహుమతి ట్రేసీకి ఇచ్చారు. ఆ బహుమతి పేరులో మగవాడు అనే మాట ఉంది. అంతవరకు ఒక్క ఆడమనిషికీ ఇవ్వలేదు మరి!

పందెం అయ్యాక డబ్బు ఇబ్బంది వచ్చి ట్రేసీ ఆ పడవను అమ్మెయ్యవలసి వచ్చింది. తర్వాత అది చేతులు మారింది. ఏళ్ళు గడిచాయి. ఆ పడవ ఎక్కడ ఉందో ఆమెకు తెలియదు.

2014లో ఒక కబురు వచ్చింది. మన హిందూ మహాసముద్రంలోనే సీషెల్స్ అనే దీవులు ఉన్నాయి. అక్కడ మెయిడెన్ దిక్కులేక పడి ఉంది. పాడైపోతున్నది. ఎవరూ పట్టించుకోకపోతే ఇక తుక్కు కిందే లెక్క. ట్రేసీకి అప్పటికి యాభై ఏళ్ళు దాటాయి. మళ్ళీ చందాల కోసం తిరిగింది. పాత పన్నెండుమందిలో చాలామంది వెనక నిలిచారు. హుసేన్ రాజు 1999లో చనిపోయాడు. ఇప్పుడు ఆయన కూతురు హయా ముందుకు వచ్చి సాయం చేసింది. తండ్రి ఒకసారి, కూతురు ఒకసారి. పడవను కొని, 2017లో ఓడ మీద ఎక్కించి ఇంగ్లండు తీసుకువచ్చారు.

మళ్ళీ అదే హాంబుల్ ఊరు. మళ్ళీ పడవను విప్పటం. మళ్ళీ గీకటం, రుద్దటం. వేడి దేశపు ఎండకూ, ఉప్పునీటికీ ఏళ్ళ తరబడి వదిలేసిన పడవ ఎలా ఉంటుందో ఊహించుకోండి. పాడైన భాగాలు తీసి కొత్తవి వేశారు. ఈసారి డబ్బు కాస్త ఉంది కాబట్టి పనివాళ్ళు చేశారు. 2018లో పడవ మళ్ళీ నీళ్ళలోకి దిగింది. తర్వాత దేశదేశాల రేవులకు వెళ్తూ, ఆడపిల్లల చదువు కోసం చందాలు పోగు చేసింది. భాగారాలు రాకుండా బడి వదిలిన మనిషి ఆ పని పెట్టుకుంది మరి.

అక్కడితో అయిపోలేదు. 2023 సెప్టెంబరులో ఇంకో పందెం మొదలైంది. పేరు ఓషన్ గ్లోబ్ రేస్. ఈ పందెం వింతగా ఉంటుంది. పాతకాలం పడవలే రావాలి. పాతకాలం పద్ధతిలోనే నడపాలి. దారి చూపే కొత్త యంత్రాలు వాడకూడదు. కంప్యూటరు ఉండకూడదు. సూర్యుణ్ణి, చుక్కల్ని కొలిచి కాగితం మీద లెక్క కట్టుకోవాలి. పాటలు వినాలన్నా క్యాసెట్టు పెట్టుకోవాల్సిందే! మెయిడెన్‌ను నడిపింది హెదర్ థామస్ అనే 27 ఏళ్ళ అమ్మాయి. ఈసారి కూడా అందరూ ఆడవాళ్ళే. వేరు వేరు దేశాలవాళ్ళు ఉన్నారు. అందులో మన దేశపు అమ్మాయి పాయల్ గుప్తా ఉంది.

2024 ఏప్రిల్ 16న మెయిడెన్ ఇంగ్లండు చేరింది. పడవల పొడవూ, వేగమూ లెక్కలోకి తీసుకుని గెలుపు తేలుస్తారు. ఆ లెక్క ప్రకారం మొత్తం పందెంలో మెయిడెన్‌దే గెలుపు. అందరూ ఆడవాళ్ళే ఉన్న పడవ భూమి చుట్టూ తిరిగే పందెం గెలవటం అదే మొదటిసారి. గెలిచింది కొత్త పడవ కాదు. 40 ఏళ్ళు దాటిన పాత పడవ. రెండుసార్లు విప్పి కట్టిన పడవ.

పాయల్ గుప్తా పేరు ఇందాక విన్నారు. ఆమె అంతకుముందే ఒకసారి భూమి చుట్టూ తిరిగి వచ్చిన మనిషి. అది మన నౌకాదళం పడవ తారిణి మీద. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి ఆరుగురు ఆడవాళ్ళు దాని మీద బయలుదేరారు. ఆ ఆరుగురిలో ఇద్దరు మన తెలుగు అమ్మాయిలు. ఒకరు విశాఖపట్నం అమ్మాయి స్వాతి. ఇంకొకరు హైదరాబాదు అమ్మాయి ఐశ్వర్య బొడ్డపాటి. తారిణి గోవాలోనే కట్టిన పడవ. ఒడిశా గంజాం జిల్లాలో తారా తారిణి అమ్మవారి గుడి ఉంది. పూర్వం ఓడల మీద వెళ్ళే వర్తకులు ఆ అమ్మవారికి మొక్కేవారు. ఆ పేరే పడవకు పెట్టారు.

వాళ్ళకూ మరమ్మతు తప్పలేదు. ఇంటికి వస్తుండగా, ఇంక ఒక్క సముద్రమే మిగిలి ఉందనగా, చుక్కాని తిప్పే ఏర్పాటు పాడైంది. చుక్కాని పనిచేయకపోతే పడవ ఎటు పోతుందో తెలియదు. మారిషస్ రేవులో ఆగవలసి వచ్చింది. అసలు ఆ రేవులో ఆగాలని వాళ్ళు అనుకోలేదు. అక్కడ బాగు చేయించుకుని మళ్ళీ కదిలారు. 2018 మే 21న గోవా చేరారు. మొత్తం 254 రోజులు.

తారిణి కూడా ఇప్పుడు కొత్త పడవ కాదు. 2024 అక్టోబరు 2న దిల్నా, రూప అనే ఇద్దరు నౌకాదళ అధికారిణులు, ఇద్దరే ఇద్దరు, అదే పడవ మీద గోవా నుంచి బయలుదేరారు. భూమి చుట్టూ తిరిగి 2025 మే 29న గోవాకు తిరిగి వచ్చారు.